క్యారేజీ విప్పి చూసిన వైద్యుడు

డాక్టర్ రామబ్రహ్మంగారి మరణవార్త నాకు గుడివాడ స్టేషన్లో, బందరు పాసింజరు కోసం నిలబడి ఉన్నప్పుడు అందింది. ఆసుపత్రి నుంచి ఫోను. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయిందని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశారు. రైలు వచ్చింది. రోజూ ఎక్కే పెట్టెలోనే ఎక్కాను, రోజూ కూర్చునే కిటికీ దగ్గరే కూర్చున్నాను. కవుతరం వచ్చేసరికి ఆ కబురు పెట్టెలో అందరికీ పాకిపోయింది. పెడన దాటాక ఎదురు సీటులోని పెద్దాయన ఒకరు నా మొహం చూసి, "మీరు ఆ ఆసుపత్రిలోనే గదండీ పనిచేస్తారు? మా బావమరిదిని అన్నేళ్ళపాటు ఆయనే నిలబెట్టారండి" అన్నారు. నేను తలూపాను. ఒక్క మాట మాట్లాడినా ఏడుపొస్తుందని బయటికి చూస్తూ కూర్చున్నాను.

సంతాపసభలో వక్తలందరూ "దిగ్భ్రాంతి" అన్న మాట వాడారు. ఆ మాట వాడే హక్కు నాకు లేదు. ఆ ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగం చూసుకునేదాన్ని నేనే. ఆయన వెళ్ళిపోబోతున్నారని నెలల ముందే ఆయన రక్తం నాకు చెప్పింది. మధ్యలో ఒక చిన్న ఆశ కూడా పుట్టింది. ముందే తెలిస్తే దుఃఖం సగమవుతుందంటారు గాని, అది వట్టిమాట. తెలిసి, ఆపైన ఆశపడి, ఆపైన పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో నన్నడగాలి.

మహనీయుల జీవితాలు గంభీరంగా రాయాలని పెద్దలు చెబుతారు. కానీ రామబ్రహ్మంగారిని గంభీరంగా తలుచుకోవడం నాకు చేతకావడం లేదు. కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఆయన స్టెతస్కోపు కాదు, చేతిలో తెరిచి ఉన్న స్టీలు క్యారేజీ.

ఆయనది మొవ్వ దగ్గర వరి పండించే కుటుంబం. నాట్ల రోజుల్లో మోకాలిలోతు బురదలో దిగిన కాళ్ళతోనే వైద్య విద్యకు వెళ్ళానని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. పెద్ద పట్నాల్లో కొలువులు పిలుస్తున్నా బందరు వచ్చి కూర్చున్నారు. తొంభైల నడిమి రోజుల్లో మా ఆసుపత్రిలో రెండు డయాలసిస్ యంత్రాలు పెట్టించింది ఆయనే. అంతకుముందు మూత్రపిండాలు చెడిన మనిషి వారానికి రెండుసార్లు బెజవాడ బస్సెక్కాల్సిందే. వెళ్ళడానికి ఒక రోజు, తేరుకోవడానికి ఒక రోజు పోతే, ఇక బతకడానికి మిగిలేది ఏముంటుంది? ఆ యంత్రాలు వచ్చాక దివిసీమ చివరి ఊళ్ళ నుంచి కూడా పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరేవారు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. పొట్టి చేతుల తెల్ల చొక్కా, పాత స్కూటరు, జేబులో ఎప్పుడూ మూత లేని పెన్ను. అన్నిటికీ మించి భోజనప్రియుడు. అందులోనూ చేపలంటే ప్రాణం. ఏ ఇంట్లోనైనా చేపల పులుసు ఉడుకుతుంటే ఆ ఇంటి ముందు ఆయన స్కూటరు దానంతటదే నెమ్మదిస్తుందని ఆయన సతీమణి కమలమ్మగారు నవ్వేవారు. ఈ చేపల సంగతి గుర్తుంచుకోండి, దానితో నాకు ముందుముందు పని ఉంది.

యంత్రం మీద ఒక్కో మనిషి నాలుగు గంటలు పడుకోవాలి. అందుకని ఇంటి దగ్గరి నుంచి క్యారేజీలు తెచ్చుకునేవారు. డాక్టరుగారు సరిగ్గా ఆ క్యారేజీలు విప్పే వేళకే హాల్లోకి వచ్చేవారు. మిగతా డాక్టర్లు ఫైలు అందుకుంటారు, ఈయన క్యారేజీ అందుకునేవారు. గిన్నె గిన్నె తీసి, వాసన చూసి, ఒక్కోసారి వేలితో ముట్టి నాలిక మీద వేసుకుని, ఆ తర్వాతే ఫైలు. మొదట్లో నాకు ఇది వింతగా, కొంచెం రోతగా కూడా ఉండేది. "ఇదేం వైద్యమండీ?" అని ఒకసారి మొహం మీదే అడిగాను. "నువ్వు నీ గొట్టాల్లో చూసేది మూడు నెలల కిందటి తిండమ్మాయ్. నేను ఇవాల్టిది చూస్తున్నాను" అన్నారు.

ఆ క్యారేజీల్లో ఉండేదేమిటంటే చప్పిడి బీరకాయ, గంజి లాంటి అన్నం, నీళ్ళ మజ్జిగ. దీని వెనక ఒక చిక్కుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న కొత్తలో, ఇంకా యంత్రం ఎక్కకముందు, పప్పు తగ్గించు, మాంసం తగ్గించు అని మేమే చెబుతాం. యంత్రం ఎక్కాక సంగతి తిరగబడుతుంది. ఆ నాలుగు గంటల్లో రక్తంలోని మాలిన్యంతోపాటు సారం కూడా కొంత పోతుంది కాబట్టి, గుడ్డు, చేప, పప్పు పెంచమంటాం. అప్పుడు ఎవరూ వినరు. డాక్టరు ఒకసారి వద్దన్న తిండిని మళ్ళీ తినమంటే ఆ డాక్టరుకే మతి చలించిందనుకునే నేల మాది. పైగా రోగం ఎంత పెద్దదైతే పథ్యం అంత కఠినంగా ఉండాలని ఇంటి ఆడవాళ్ళ నమ్మకం. ఆ చప్పిడి గిన్నెలు చూసి డాక్టరుగారు అనేవారు: "ఇది పథ్యమా తల్లీ, ప్రాయశ్చిత్తమా? ఏం పాపం చేశాడని ఆయనకీ శిక్ష?"

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి ఉంది. చేపల పులుసు తెచ్చుకున్నవాళ్ళకు చెప్పేది. "ముక్కలు నీవి, పులుసు ఇంట్లోవాళ్ళది." పులుసులో ఉప్పు, చింతపండు, నీళ్ళు, యంత్రం మీద బతికే మనిషికి మూడూ పడవు. ముక్కలో బలం ఉంది. కానీ మా వైపు పులుసు వదిలి ముక్క తినమంటే, పెళ్ళికి వెళ్ళి భోజనం చేయకుండా రమ్మన్నట్టే. అయినా ఆ మాట హాల్లో సామెత అయిపోయింది. ఇంటి దగ్గర ఆస్తి తగాదా వచ్చినా "ముక్కలు నీవి, పులుసు నాది" అని సర్దుకునేవారట.

పామిడిముక్కల నుంచి సుబ్బారావుగారని ఒక మోతుబరి రైతు వచ్చేవారు. గుండెకు ముప్పని ఎవరో చెప్పగా నెయ్యి, నూనె, గుడ్డు అన్నీ ఒక్కసారిగా మానేశారు. ఒక రోజు నా దగ్గర రిపోర్టు తీసుకుని చూసుకుని, సంతోషం పట్టలేక బజారుకు మనిషిని పంపి బందరు లడ్లు తెప్పించారు. కొలెస్టరాలు బాగా పడిపోయిందట, ఇక గుండెజబ్బు రాదట. ల్యాబులో అందరికీ పంచి, వెళ్ళి యంత్రమెక్కారు. నేనూ ఒకటి తింటున్నాను. అంతలో డాక్టరుగారు వచ్చి, "ఏంటమ్మాయ్ విశేషం?" అన్నారు. చెప్పాను. ఆయనకని తీసిపెట్టిన లడ్డు చేతిలోకి తీసుకున్నవారు దాన్ని అలాగే పళ్ళెంలో పెట్టేశారు. తీపి వద్దనడం ఆయన చరిత్రలో అదే మొదటిసారి.

హాల్లోకి వెళ్ళి సుబ్బారావుగారి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మీ ఊరి కాలవలో నీళ్ళు బాగా తగ్గిపోయాయనుకోండి. గట్టు తెగుతుందన్న భయం లేదని లడ్లు పంచుతారా సుబ్బారావుగారూ?"

"అదేంటండి, చేను ఎండిపోద్ది గదండీ" అన్నారాయన.

"మరి నేను చెప్పేదీ అదే. మీ వంట్లో కాలవ ఎండిపోతోంది."

తర్వాత నా గదిలో కూర్చుని ఆ సంగతి విడమరిచి చెప్పారు. మామూలు మనిషి రక్తంలో కొవ్వు పెరిగితే గుండెకు ముప్పు. అది ఊరందరికీ తెలుసు, అబద్ధమూ కాదు. కానీ యంత్రం మీద ఉన్నవాడి రక్తం తీరు వేరు. అక్కడ కొలెస్టరాలు దానంతటది జారుతూ పోతోందంటే మనిషి తినడం లేదని, లోపల ఏదో వాపు అతణ్ణి కొరుక్కు తింటోందని అర్థం. అలాంటివాళ్ళే ముందు పోతున్నారు. కొవ్వు తగ్గించే మాత్రలు మిగతావాళ్ళకు చేసినంత మేలు వీళ్ళకు చేయడం లేదన్న అనుమానం కూడా ఆయనకు అప్పటికే ఉంది. "కిడ్నీ పోయినవాణ్ణి కిడ్నీ చంపదమ్మాయ్, గుండె చంపుతుంది. ఆ గుండెను ఒక్క కొలెస్టరాలే చంపదు. ఉప్పు చంపుతుంది, ఒంట్లో నిలిచిన నీరు చంపుతుంది, భాస్వరం పేరుకుని రక్తనాళాలు సున్నంలా బిగుసుకుపోయి చంపుతుంది, చుట్ట చంపుతుంది. అన్నిటికన్నా ముందు ఆకలి చంపుతుంది" అన్నారు. నేను పట్టుపట్టి వాదించాను. పుస్తకంలో అలా లేదన్నాను. "పుస్తకం రాసినాయన మన హాల్లో పడుకోలేదు" అన్నారు. సుబ్బారావుగారు ఆ తర్వాత కూడా నెయ్యి ముట్టలేదు. వేసవి రాకముందే గుండె ఆగి పోయారు. అప్పటి నుంచి నేను తక్కువ అంకె చూస్తే సంతోషించడం మానేశాను.

ఇక నాంచారయ్య గురించి చెప్పాలి. కోడూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె అతనిది. వేటకు వెళ్ళేవాడు, తర్వాత చేపల వ్యాపారంలో దిగాడు. మూడు పదుల వయసు దాటిందో లేదో రెండు మూత్రపిండాలూ చెడ్డాయి. వాళ్ళ అక్క ఒక కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది. కానీ పెద్దాసుపత్రివాళ్ళు అతణ్ణి చూసి, ఈ ఒంటికి కత్తి పెట్టలేం, ముందు బలం పుంజుకోమని పంపేశారు. బలం పుంజుకోవడం మాట అటుంచి, రక్తపరీక్ష చేసినప్పుడల్లా కొలెస్టరాలు దిగుతోంది. క్యారేజీలో ఎప్పుడు చూసినా చారన్నం. చేపలమ్మే ఇంటి నుంచి చారన్నం. డాక్టరుగారు అడిగితే తల వంచుకుని, "సహించట్లేదండి" అనేవాడు. ఒక ఆదివారం డాక్టరుగారు నన్ను కూడా బస్సెక్కించి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కోడూరు తీసుకెళ్ళారు. ఆడమనిషి పక్కనుంటే ఆ ఇంటి ఆడమనిషి నిజం చెబుతుందని ఆయన లెక్క.

ఇంటి ముందు నేల మీద పరిచిన పట్టాల మీద చేపలు ఎండుతున్నాయి. లోపల పొయ్యి మీద మాత్రం చారు. నాంచారయ్య మమ్మల్ని చూసి లేచి, చేతిలోని చుట్టను వీపు వెనక్కి దాచాడు. పొగ మాత్రం దాగలేదు. అతని భార్య అంకమ్మ చాప పరిచింది.

"ఏమ్మా అంకమ్మా, మీ ఇంట్లో చేప ఉడికి ఎన్నాళ్ళయింది?" అని నేరుగా అడిగారు డాక్టరుగారు.

"ఆయన మిషనెక్కిన కాడ్నించీ లేదండి. మిషను దిగేదాకా మా ఇంటో చేప ఉడకదని అమ్మోరికి మొక్కుకున్నానండి."

"అమ్ముతున్నారుగా?"

"అమ్మకపోతే ఎట్టా బతుకుతామండి? తినట్లేదు, అంతే."

నేను నోరు తెరవబోయాను. డాక్టరుగారు కళ్ళతోనే వారించారు. ఆయన పెద్ద భక్తుడేమీ కాదు, గుడికి వెళ్తే ప్రసాదం కోసమే వెళ్ళే మనిషి. అయినా ఒకరి మొక్కును వేళాకోళం చేయగా నేనెన్నడూ వినలేదు. "మొక్కు తప్పమని నేను చెప్పనమ్మా. మార్చుకునే దారుందా, లేదా? అది చెప్పు" అన్నారు.

"ఉందండి. ఇచ్చినదానికన్నా పెద్దది ఇయ్యాల. మా అత్త కోడిని మొక్కుకుని, కుదరక, మేకనిచ్చింది."

"మరి మీ ఆయన దగ్గర చేపకన్నా పెద్దది ఏముంది?"

ఆవిడ మొగుడి వంక చూసింది. నాంచారయ్య వీపు వెనక నుంచి పొగ ఇంకా లేస్తూనే ఉంది. "డాక్టరుగారూ, చేపంటే మానేశానుగానండి, ఇది మాత్రం నా వల్ల కాదండి" అన్నాడు.

"అంత కష్టంగా ఉందంటే అదే పెద్దదన్నమాట. అమ్మవారికి అదివ్వు. ఆవిడా సంతోషిస్తుంది, నీ గుండే సంతోషిస్తుంది."

అంకమ్మ మొహం విప్పారింది. అంతలోనే మళ్ళీ ముడుచుకుంది. "అయితే ఇంకోటుందండి. చేపని అమ్మోరికి ఇచ్చేశాం. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే ఆ చోటు ఖాళీ అవుద్ది. ఖాళీగా ఉంచకూడదు. ఆ చోట్లో ఎవరో ఒకళ్ళు నిలబడాలండి. కావలసినవాళ్ళే నిలబడాల. నిలబడ్డవాళ్ళకి ఇంక గడువుండదు."

"అంటే వాళ్ళు జన్మంతా చేప తినకూడదా?"

"అంతేనండి. మళ్ళీ ఎవరన్నా వాళ్ళ చోట్లోకొస్తే తప్ప."

డాక్టరుగారు బయట ఎండుతున్న చేపల వైపు ఒకసారి చూశారు. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తర్వాత చాలా మామూలుగా, కాఫీ వద్దన్నంత మామూలుగా, "సరేనమ్మా, నేను నిలబడతాను" అన్నారు. అంకమ్మ దణ్ణం పెట్టింది. నాంచారయ్య చుట్టను నేలకేసి నలిపాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఊరుకోలేదు. "అంతా ఉత్తదే కదండీ, నిజంగా మానేస్తారా ఏంటి? వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాను. "వాళ్ళకు తెలియదు. రేపు క్యారేజీ విప్పి 'తినవయ్యా' అన్నప్పుడు నాకు తెలుస్తుంది" అన్నారు. అవనిగడ్డ దాకా ఆయన నాతో మాట్లాడలేదు. కోపం నా మీద కాదు, బహుశా బస్టాండులో ఎవరో వేయిస్తున్న చేపల మీద.

మాటంటే మాటే. కమలమ్మగారు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, చివరికి ఇంట్లో చేపల మూకుడు అటకెక్కించారు. పెళ్ళిళ్ళలో చేప వడ్డిస్తుంటే ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం నేను చాలాసార్లు చూశాను. నాంచారయ్య మాత్రం నెల తిరిగేసరికి క్యారేజీ నిండా పండుగప్ప చేప ముక్కలతో వచ్చాడు. చుట్ట మానేశాడు. రక్తంలో అంకె మెల్లగా పైకి లేచింది. మా ఆసుపత్రి చరిత్రలో ఒక రోగికి కొలెస్టరాలు పెరిగిందని లడ్లు పంచిన వైద్యుడు ఈయనొక్కరే. ఆ మరుసటి ఏడాది అక్క ఇచ్చిన మూత్రపిండంతో నాంచారయ్య యంత్రం దిగాడు. ఇప్పటికీ చేపల బండి మీద తిరుగుతున్నాడు.

కాలం ఎవరికీ చుట్టం కాదు. డాక్టరుగారికి ఎప్పటి నుంచో ఉన్న చక్కెరవ్యాధి మెల్లగా ఆయన మూత్రపిండాలను తినేసింది. తాను తెప్పించిన యంత్రం మీదే, తాను స్టూలు వేసుకుని కూర్చునే హాల్లోనే, కిటికీ పక్క మంచం మీద పడుకోవాల్సివచ్చింది. బెజవాడో హైదరాబాదో వెళ్ళమని ఎంతోమంది చెప్పారు. "నా క్యారేజీ అక్కడెవరు చూస్తారు?" అన్నారు. అది నిజమే అయింది. మొదటి రోజే పక్క మంచం ముసలాయన, పదేళ్ళుగా ఆయన చేత తిట్లు తిన్నవాడు, చెయ్యి చాపి డాక్టరుగారి క్యారేజీ లాక్కుని మూత తీశాడు. లోపల పెరుగన్నం ఉంది. "ఏవండీ డాక్టరుగారూ, ఇది పథ్యమా, ప్రాయశ్చిత్తమా?" అన్నాడు. హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది డాక్టరుగారే.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. ఆకలి చచ్చిపోయింది. గుడ్డు వాసన పడేది కాదు, మాంసం మింగుడుపడేది కాదు. కమలమ్మగారు ఏం వండినా రెండు మెతుకులు కెలికి పక్కన పెట్టేవారు. ఒక రోజు ఆయన రక్తపరీక్ష ఫలితాలు నేనే పట్టుకెళ్ళాను. అక్కడున్న కొత్త డాక్టరు కాగితం చూసి, "సార్, మీ కొలెస్టరాలు పాతికేళ్ళ కుర్రాడిలా ఉంది" అని మెచ్చుకున్నాడు. ఆ అబ్బాయిని ఏమీ అనలేను, పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. డాక్టరుగారు కాగితం అందుకుని చూశారు. తర్వాత కళ్ళద్దాల మీదుగా నన్ను చూశారు. "ఎవరికీ లడ్లు పంచకమ్మాయ్" అన్నారు. నేను గబగబా నా గదికి వచ్చి తలుపేసుకున్నాను.

ఆ వారంలోనే నాంచారయ్య మామూలు పరీక్షలకు భార్యతో వచ్చాడు. డాక్టరుగారు ఏం తింటున్నారని అంకమ్మ అడిగింది. ఏమీ సహించడం లేదని చెప్పాను. "చేపో?" అని, అడిగిన వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా డాక్టరుగారు యంత్రం మీద ఉన్న రోజున ఆ ఇద్దరూ మొదటి బస్సుకే వచ్చారు. అంకమ్మ చేతిలో గుడ్డ కట్టిన క్యారేజీ ఉంది. మూత తీయకముందే వాసన హాలంతా పరుచుకుంది. డాక్టరుగారు కళ్ళు తెరిచారు. "నేను తినకూడదమ్మా, మాటిచ్చాను" అన్నారు.

"మీరు దిగిపోయారండి. ఆ చోట్లో మేం నిలబడ్డాం. మొన్న శుక్రారం అమ్మోరికి చెప్పుకునే వచ్చాం" అంది అంకమ్మ.

ఆయనకు నిజంగా కోపం వచ్చింది. లేచి కూర్చోబోతే నర్సు భుజం పట్టుకుంది. "చేపలమ్మి బతికేవాళ్ళు చేప మానడమేంటి? గడువు లేదన్నది నువ్వేగా? మీ ఆయన వంట్లో ఉన్నది అక్కగారి ప్రాణం. దాన్ని చారుతో పోషిస్తావా?"

"గుడ్డు పెడతన్నానండి, పప్పు పెడతన్నాను. మీరు తిట్టే పని లేదు" అంది ఆవిడ. "మీరు ఆ చోట్లో ఉండబట్టే గదండీ ఈ మనిషి ఇట్టా నిలబడున్నాడు. ఇంక మా వంతు. తినండి బాబూ."

నాంచారయ్య ముందుకొచ్చాడు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు, అచ్చం డాక్టరుగారు కూర్చునే పద్ధతిలో. క్యారేజీ విప్పి, గిన్నె ఆయన ముందు పెట్టాడు. డాక్టరుగారు చాలాసేపు ఆ గిన్నెనే చూశారు. తర్వాత ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు చెమర్చాయి. కారమని అబద్ధం చెప్పారు. మూడు ముక్కలు తిన్నాక గిన్నె నా వైపు జరిపి, "పులుసు ఇంట్లోవాళ్ళది" అన్నారు. నేనూ నర్సూ ఆ పులుసుతో ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాం. ఎవరు ఇంట్లోవాళ్ళో, ఎవరు కాదో ఆ రోజు నాకు తెలిసింది.

అప్పటి నుంచి ఆయన యంత్రమెక్కిన ప్రతిరోజూ కోడూరు బస్సులో క్యారేజీ వచ్చేది. ఆయన తిన్నారు. మొహంలో కొంచెం కళ వచ్చింది. తర్వాతి పరీక్షలో అంకె కాస్త పైకి లేచింది. నేను చెప్పిన ఆశ అదే. లడ్లు పంచుదామా అని కూడా అనుకున్నాను. కానీ ఏళ్ళ తరబడి దెబ్బతిన్న గుండె తన లెక్క తను చూసుకుంది. కిడ్నీ పోయినవాణ్ణి గుండె చంపుతుందని చెప్పిన మనిషి ఆ మాటను తన మీదే రుజువు చేసి వెళ్ళిపోయారు. కడుపు మాడి మాత్రం వెళ్ళలేదు. నాకున్న ఓదార్పు అదొక్కటే.

పదకొండో రోజున నాంచారయ్య, అంకమ్మ వచ్చారు. కర్మకాండ అంతా ముగిశాక, పెరట్లో చెయ్యి కడుక్కుంటున్న నా దగ్గరికి అంకమ్మ వచ్చి నిలబడింది. నేనే అడిగాను, ఇంట్లో చేప వండుతున్నారా అని.

"ఎట్టా వండుతామండి? ఆయన పోయినా ఆ చోటు పోదుగదండి" అంది.

సంతాపసభలో అందరూ ఆయన లోటు పూడ్చలేనిదన్నారు. నిజమే. అంతటి నిశిత ప్రజ్ఞ, అంతటి నిరాడంబర కారుణ్యం మళ్ళీ బందరు చూస్తుందో లేదో నాకు తెలియదు. ఆయన స్టూలు మీద కూర్చునే యోగ్యత నాకు లేదు, మరెవరికీ ఉన్నట్టు కనపడదు. కానీ ఆయన ఖాళీ చేసి వెళ్ళిన చోట్లలో ఒక్కటి మాత్రం నాకు పట్టేంత చిన్నదిగా కనిపించింది. చేపలంటే నాకూ తక్కువ ఇష్టమేమీ కాదు. గుడివాడ చేపల బజారులో నన్నెరగనివాళ్ళు లేరు.

"అంకమ్మా, మీరు దిగండి. ఆ చోట్లో నేను నిలబడతాను" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "కావలసినవాళ్ళే నిలబడాలండి" అంది.

"నేనూ కావలసినదాన్నే" అన్నాను. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

మొన్న ఆదివారం కోడూరు వెళ్ళాను. వాళ్ళ పొయ్యి మీద పండుగప్ప ఉడుకుతోంది. నాకు విడిగా పప్పు, వంకాయ కూర చేసింది అంకమ్మ. నాంచారయ్య తినడానికి కూర్చున్నాడు. అతనిప్పుడు పులుసు కూడా కాస్త కలుపుకోవచ్చు, పరీక్షలు చేసేదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు. అయినా ముక్కలు మాత్రం ఏరి విస్తట్లో వేసుకుని, పులుసు గిన్నెను అలవాటుగా పక్కకు జరిపాడు. జరిపాక చుట్టూ చూశాడు. "పులుసు ఇంట్లోవాళ్ళది" అనడానికి అక్కడ డాక్టరుగారు లేరు. ఆ గిన్నె మా ముగ్గురి మధ్యా అలాగే ఉండిపోయింది.